చెన్నపట్నపు కళాశాలలు – ఆటిజము గల మన పిల్లలు

చెన్నపట్నానికీ తెలుగువారికీ గల సంబంధము నిన్న మొన్నటిది కాదు. 1639లో ఈ సముద్రతీరపు ఇసుకనేలను ఇంగ్లీషు వర్తకులకు ఇచ్చినవాడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరుమీదనే ఈ ఊరికి చెన్నపట్నమని పేరు వచ్చినదని చెప్పుదురు. ఆ తరువాత వర్తకము కోసము, అచ్చుపని కోసము, నాటకాల కోసము, సినిమాల కోసము మనవారు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. కాని తరతరాలుగా మనవారిని ఇక్కడికి రప్పించిన వాటిలో చదువుది పెద్దపీట. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము వెలసిన నాటినుండి నెల్లూరు, గుంటూరు, గోదావరి మండలాల యువకులు ట్రంకుపెట్టెలతో, ఆవకాయ జాడీలతో ఈ నగరములో దిగుతూనే వచ్చినారు.

అందుచేతనే కాబోలు, మన ఇండ్లలో ఇద్దరు కలిసికొంటే కుశలప్రశ్నల వెంటనే వచ్చే మాట, “మీ అబ్బాయి ఏ కాలేజీ? మీ అమ్మాయి ఏం చదువుతున్నది?” అన్నది. ఈ ప్రశ్న వినగానే ముఖము విప్పారే తల్లిదండ్రులు చాలామంది. అదే ప్రశ్న వినగానే మాట మార్చి, కాఫీ తెచ్చే నెపముతో లోపలికి వెళ్ళే తల్లులు కూడా మనలో ఉన్నారు. వారి బిడ్డకు చదువు రాక కాదు. లెక్కలలో నూటికి తొంబది తెచ్చుకొని, పన్నెండవ తరగతి గట్టెక్కి, కళాశాలలో చేరిన నెలరోజులకే ఇంటికి వచ్చి తలుపు వేసికొన్న బిడ్డ కావచ్చును. ఆ బిడ్డకు ఆటిజము అని డాక్టరు చెప్పి పదేండ్లయి ఉండవచ్చును. ఆ మాట ఇరుగుపొరుగుకు చెప్పలేదు, కళాశాలకూ చెప్పలేదు.

ఇట్టి పిల్లల చదువును గురించి ఈ ఉగాది సంచికలో నాలుగు మాటలు చెప్పుటకు చరిత్రనే ఆశ్రయించుచున్నాను. ఎందుకంటే, ఈ నగరములో కళాశాల తలుపు కొత్తవారి కోసము తెరచుకొనుట ఇది మొదటిసారి కాదు. తెరచుకొన్న ప్రతిసారీ జరిగినది ఒక్కటే: సీటు ఇచ్చినంత మాత్రాన చదువు సాగలేదు, సీటుతోపాటు ఏదో ఒక చిన్న ఏర్పాటు జరిగిన తరువాతనే సాగినది.

స్త్రీవిద్య విషయమే చూడుడు. 1875లో మదరాసు వైద్య కళాశాలలో మేరీ షార్లీబ్ అనే ఇంగ్లీషు వనితయు, ఆమెతో మరి ముగ్గురు స్త్రీలును చేరినారు. స్త్రీలు వైద్యము చదువుట అప్పటికి ఇంగ్లండులోనే గగనముగా ఉండెను. చేరుట ఒక ఎత్తు, మగవారితో కలిసి వార్డులలో తిరుగుట మరియొక ఎత్తు. సర్జన్ జనరలు బాల్ఫర్ వంటి అధికారులు పూనుకొని దారి చేసినందున ఆ చదువు సాగినది. ఆ తరువాత 1914లో సముద్రపుటొడ్డున స్త్రీల కొరకే ప్రభుత్వ కళాశాల వెలసినది. అదే నేటి క్వీన్ మేరీస్ కళాశాల. 1915లో విమెన్స్ క్రిస్టియన్ కళాశాల వచ్చినది. ఆడపిల్లల బుద్ధి 1913 వరకు మందముగా ఉండి 1914లో అకస్మాత్తుగా పదునెక్కలేదు గదా! మారినది ఏర్పాటు.

ఈ సంగతి మన తెలుగువారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. దుర్గాబాయి దేశముఖ్ గారి చరిత్ర మన కండ్ల ముందున్నది. రాజమహేంద్రవరములో 1909లో పుట్టి, ఉప్పు సత్యాగ్రహములో చెరసాలకు వెళ్ళి వచ్చిన తరువాత, బడికి పోయే వయస్సు దాటిపోయిన ఆమె తిరిగి చదువు మొదలుపెట్టినారు. అందరి వలె మెట్టు మెట్టుగా ఎక్కే వీలు లేనందున కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనుకు ప్రైవేటుగా కూర్చున్నారు. వాల్తేరులో ఆనర్సు చదువబోతే ఆడపిల్లలకు హాస్టలు లేదన్న అడ్డంకి వచ్చినది. ఆమె వెనుదిరుగలేదు. హాస్టలు లేక చదువు మానుకొన్న ఆడపిల్లలను పత్రికా ప్రకటన ద్వారా కూడగట్టి, వారితో కలిసి ఒక వసతిని తామే ఏర్పరచుకొన్నారు. సీటు ఇచ్చుటకు విశ్వవిద్యాలయానికి అభ్యంతరము లేదు. లేనిదల్లా నాలుగు గోడలు, ఒక వంటమనిషి!

ఆ అనుభవమే మదరాసులో ఆంధ్ర మహిళాసభకు ఊపిరి పోసినది. 1937లో మైలాపూరులో చిన్నపిల్లల బృందముగా మొదలైన ఆ సంస్థ, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు మెట్రిక్ పరీక్షకు శిక్షణ ఇచ్చెడిది. వితంతువులు, భర్త వదలినవారు, పదేండ్ల క్రితము బడి మానినవారు అక్కడ రెండేండ్లలో చదివి పరీక్షకు కూర్చొనెడివారు. ఇట్టి సంక్షిప్త విద్యనే 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి దేశమంతటికీ పథకముగా విస్తరించినది. అడయారులో అదే మహిళాసభ పోలియో వంటి వ్యాధులతో కాళ్ళు చచ్చుబడిన పిల్లల కొరకు ఆర్థోపెడిక్ కేంద్రమును కూడ నడిపినది. “అందరూ వచ్చే దారిన రాలేనివారికి మరియొక దారి వేయుట” అన్నది ఈ నగరములో మన తెలుగువారు చేసి చూపిన పని. దానిని గుర్తుంచుకొని ఆటిజము సంగతికి వత్తము.

ఆటిజము అనగా నేమి? తెలుగులో కొందరు దీనిని స్వలీనత అందురు. ఇది అంటువ్యాధి కాదు, దయ్యము కాదు, గ్రహచారము కాదు. పెంపకపు లోపము అంతకన్నా కాదు. మెదడు ఎదిగే తీరులో పుట్టుక నుండి ఉండే ఒక తేడా. ఇందులో ఒక బిడ్డకు మరియొక బిడ్డకు పోలిక ఉండదు. ఒకరికి మాటలే రావు. మరొకరు రైళ్ళ వేళలన్నీ ఏకరువు పెట్టగలరు గాని, ఎదుటివాని ముఖములో విసుగును కనిపెట్టలేరు. చాలామందికి కొన్ని శబ్దాలు, వెలుగులు, వాసనలు, తాకిడి భరింపరానివిగా తోచును. అనుకొన్న క్రమము మారితే కాలి క్రింద నేల కదలినట్లు అగును. చెప్పిన మాటను చెప్పినట్లే అర్థము చేసికొందురు. “రేపు రికార్డు తేకపోతే క్లాసుకు రావద్దు” అని లెక్చరరు కోపముగా అన్నాడనుకొనుడు. మిగతావారు మరునాడు ఏదో సాకు చెప్పి కూర్చుందురు. ఈ పిల్లవాడు రికార్డు పూర్తి అయ్యే వరకు వారము రోజులు వరండాలోనే నిలబడును. హాజరు తగ్గును. అందరూ అతనిని మొండివాడందురు.

ఈ పేరు చరిత్ర కూడా వింతైనదే. స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయిలర్ 1911లో ఈ మాటను వేరొక వ్యాధి లక్షణముగా వాడినాడు. 1925లో గ్రూన్యా సుఖరేవా అనే సోవియట్ వైద్యురాలు ఆరుగురు బాలురను పరిశీలించి, నేడు మనము ఆటిజము అనే దానిని ఇంచుమించు అట్లే వర్ణించినది. కాని ఆమె రచన చిరకాలము మరుగున పడిపోయినది. 1943లో అమెరికాలోని బాల్టిమోరులో లియో కానర్ అనే వైద్యుడు పదకొండుగురు పిల్లల సంగతి వ్రాసినాడు. మరుసటి యేడే వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అట్టి పిల్లలను గురించే వ్రాసినాడు.

తరువాతి ఇరువది యేండ్లు తల్లులకు చీకటి రోజులు. తల్లి ప్రేమ చాలక బిడ్డ ఇట్లు అయినాడని పెద్ద పెద్ద పండితులే అన్నారు. చికాగోలో బెటెల్‌హైమ్ 1967లో ఆ వాదముతో పుస్తకమే వ్రాసినాడు. అంతకు మూడేండ్ల ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, తాను స్వయముగా ఆటిజము గల కుమారునికి తండ్రి, ఈ నింద నిరాధారమనీ, మూలము శరీరములో ఉన్నదనీ వాదించినాడు. శాస్త్రము ఆయన వైపే మొగ్గినది. 1981లో లండనులో లోర్నా వింగ్ అనే వైద్యురాలు, ఆమె కూడా అట్టి బిడ్డకు తల్లియే, ఆస్పెర్గర్ వ్రాసిన దానిని వెలికి తెచ్చి, మాటకారితనము, తెలివితేటలు ఉన్నవారిలో కూడ ఇది ఉండునని లోకానికి తెలిపినది. 2013లో అమెరికా మనోవైద్యుల నిర్ణయము ప్రకారము ఈ రూపములన్నీ ఒకే పేరు క్రిందికి వచ్చినవి. శాస్త్రము ఇంత దూరము వచ్చినను, “తల్లి ఉద్యోగము చేయుట వల్లనే ఇట్లు అయినది” అనే మాట మన పెండ్లి పందిళ్ళలో ఇంకను వినబడుచునే యున్నది. అది 1967 నాటి పాతమాట. దానిని ఇక కట్టిపెట్టవలెను.

ఇక కళాశాల సంగతి. కానర్ వ్రాసిన పదకొండుగురిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రములో ఫారెస్ట్ అనే చిన్న ఊరు. మూడేండ్లు నిండిన ఆ బిడ్డను, ఆనాటి వైద్యుల సలహామీద తల్లిదండ్రులు ఒక సంస్థలో ఉంచినారు. ఏడాది తిరిగిన తరువాత మనసొప్పక ఇంటికి తెచ్చుకొన్నారు. తండ్రి న్యాయవాది, కొడుకు తీరుతెన్నులన్నీ ముప్పది మూడు పుటల ఉత్తరముగా వ్రాసి కానరుకు పంపినాడు. కొంతకాలము ఆ పిల్లవాడు ఒక రైతు దంపతుల ఇంట పెరిగినాడు. అంకెలు లెక్కించుట అతనికి ప్రీతి. ఆ రైతు మొక్కజొన్న వరుసలు లెక్కపెట్టమని అతనికి నాగలి పని నేర్పినాడు. తరువాత ఊరి బడిలో చదివి, జాక్సనులోని మిల్‌సాప్స్ కళాశాలలో చేరి, ఫ్రెంచి ముఖ్య విషయముగా 1958లో పట్టభద్రుడైనాడు. అక్కడ విద్యార్థుల సంఘములో సభ్యుడు కూడ. ఆపైన ఊరి బ్యాంకులో దశాబ్దాల తరబడి ఉద్యోగము, గోల్ఫు ఆట, దేశదేశాల పర్యటన. 2023లో, ఎనుబది తొమ్మిదవ యేట కన్నుమూసినాడు.

మన సంక్షిప్త విద్యా పథకము వచ్చినది 1958లోనే అని పైన చెప్పినాను. అదే యేట ప్రపంచములో ఆటిజము అని మొట్టమొదట పేరుపడిన బిడ్డ పట్టా పుచ్చుకొని కళాశాల మెట్లు దిగినాడు. కలిమి గల ఇల్లు అతనికి అండగా నిలిచినమాట నిజమే. కాని కానర్ 1971లో ఆ పదకొండుగురి గతిని తిరిగి విచారించి వ్రాసిన దానిలో తేలినదేమంటే, పెద్ద సంస్థలలో పడవేయబడిన పిల్లలు ఉన్న శక్తిని కూడా పోగొట్టుకొన్నారు; ఊరి మనుషుల మధ్య పెరిగినవారు బాగుపడినారు. ఫారెస్ట్ ఊరివారు డొనాల్డును మార్చవలెనని పట్టుబట్టలేదు. అతని తీరు ఇంతే అని తమలో ఒకనిగా ఉంచుకొన్నారు. డబ్బు కన్నా ఇది పెద్ద ఏర్పాటు.

అమెరికాలోనే టెంపుల్ గ్రాండిన్ అను ఆమె మరొక ఉదాహరణ. 1947లో పుట్టి, మూడున్నరేండ్లు దాటే వరకు మాట రాని ఆ పిల్లకు పశువులన్నా, యంత్రాలన్నా మక్కువ. ఆ పిచ్చిని మాన్పమని అందరూ అనుచుండగా, హైస్కూలులో కార్లాక్ అనే సైన్సు ఉపాధ్యాయుడు, “అది ఎట్లు పనిచేయునో తెలిసికొనవలెనంటే సైన్సు చదువు” అన్న ధోరణిలో ఆ మక్కువనే చదువుకు దారిగా మలచినాడు. 1970లో బి.ఏ., 1975లో ఎం.ఎస్., 1989లో పిహెచ్.డి.; ఆపైన కొలరాడోలో పశుశాస్త్ర ఆచార్యురాలు. ఒక్క ఉపాధ్యాయుడు చాలు అనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

మన దేశములో ఈ విషయము ఆలస్యముగా కదలినది; కదలించిన వారిలో చెన్నపట్నము, సికింద్రాబాదు రెండూ ముందున్నవి. 1984లో సికింద్రాబాదులో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ ఏర్పడినది. మన దేశపు పిల్లలలో ఆటిజమును కొలుచుటకు నలుబది అంశములతో ఒక భారతీయ కొలమానమును ఆ సంస్థయే తయారుచేయగా, అది 2009లో వెలువడినది. 2016లో ప్రభుత్వము ఆటిజము ధ్రువపత్రములకు దానినే ప్రమాణముగా ప్రకటించినది. చెన్నపట్నములో 1985లో పూనం నటరాజన్ గారు విద్యాసాగర్ సంస్థను ప్రారంభించినారు. నాడు దాని పేరు స్పాస్టిక్స్ సొసైటీ. తరువాత ఆమె కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ట్రస్టుకు అధ్యక్షురాలైనారు. 2005లో కోవళము దారిలో ముట్టుకాడు వద్ద బహువిధ వైకల్యముల జాతీయ సంస్థ వెలసినది. ఐ.ఐ.టి. మదరాసులో చదివిన అజిత్ నారాయణన్, విద్యాసాగర్ పిల్లల అవసరాలను చూచి, నోట మాట రానివారు బొమ్మలను తాకి మాట్లాడుటకు ‘ఆవాజ్’ అనే సాధనమును తయారుచేసినారు. 2011లో ఆయనకు అంతర్జాతీయ గుర్తింపు వచ్చినది. లయోలా కళాశాలలో వికలాంగ విద్యార్థుల కొరకు ప్రత్యేక వనరుల కేంద్రము నడచుచున్నది. ప్రెసిడెన్సీ కళాశాలలో వినికిడి లేనివారికి ప్రత్యేకముగా డిగ్రీ తరగతులు పెట్టినారు. చూపులేనివారికి, వినికిడి లేనివారికి ఈ నగరములో ఏర్పాట్లు ఇట్లు ఒక్కొక్కటే వచ్చినవి. కంటికి కనబడని తేడా గలవారి వంతు చివరకు వచ్చినది.

చట్టము కూడ అట్లే. 1995 నాటి వికలాంగుల చట్టములో ఏడు వైకల్యముల పేర్లున్నవి. వాటిలో ఆటిజము లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టములో ఆ పేరు మొదటిసారిగా వచ్చినది. కాని అది ప్రధానముగా సంరక్షణను గురించినది, కళాశాలను గురించినది కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క వైకల్యములను గుర్తించి, వాటిలో ఆటిజమును చేర్చినది. అది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. ప్రభుత్వ కళాశాలలు, ప్రభుత్వ సహాయము పొందే కళాశాలలు నూటికి అయిదు సీట్లకు తక్కువ గాకుండ వైకల్యము నలుబది శాతముగాని అంతకు మించిగాని ఉన్నవారికి కేటాయించవలెను. వయోపరిమితిలో అయిదేండ్ల సడలింపు ఈయవలెను. చదువులో, పరీక్షలలో తగిన మార్పులు చేయవలెను: అదనపు సమయము, వ్రాయుటకు సహాయకుడు, రెండవ మూడవ భాషల నుండి మినహాయింపు వంటివి. 2018లో కేంద్రము ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారము గంటకు ఇరువది నిమిషములకు తక్కువ గాని అదనపు సమయము. అనగా మూడు గంటల పరీక్షకు మరియొక గంట. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, తగిన ఏర్పాటు చేయుట దయ కాదు, సమానత్వములో భాగమని స్పష్టము చేసినది. 2022లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషను కళాశాలల కొరకు ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించినది.

అయితే చట్టములోని ఒక మెలిక మన తల్లిదండ్రులు గ్రహించవలెను. ఉద్యోగాల విషయములో నూటికి నాలుగు కేటాయించి, అందులో ఒక వంతును ఆటిజము మొదలైన వాటికి ప్రత్యేకించినారు. కళాశాల సీట్లలో అట్టి విభజన చట్టము చేయలేదు. ఉన్న అయిదింటికి ఇరువదియొక్క విధములవారును పోటీపడవలెను. అంతకన్న పెద్ద మెలిక మరొకటి కలదు. సీటును చట్టము ఇచ్చును; సీటులో కూర్చొని ఉండగలుగుట ఇతరుల చేతిలోని పని. ఇక్కడనే మనము 1875కూ, దుర్గాబాయమ్మగారి వాల్తేరు హాస్టలుకూ తిరిగి వచ్చితిమి.

బడిలో బిడ్డకు ఒక్క తరగతి గది, ఒక్క టీచరమ్మ, గేటు వద్ద అమ్మ. కళాశాలలో గంటకొక గది, గంటకొక లెక్చరరు. నోటీసు బోర్డుమీద ఈ పూట వేసిన కాగితము మాపటికి మారును. క్యాంటీనులో రొద, కల్చరల్సులో లౌడుస్పీకరు, ప్రాజెక్టుకు నలుగురు జట్టు కావలెను, వైవాలో పరీక్షాధికారి కన్నులలోనికి చూచి చెప్పవలెను. చదువు వచ్చిన పిల్లవాడు చదువుతో ఓడిపోడు, వీటితో ఓడిపోవును. ఈ ఓటమికి మార్కుల జాబితాలో గడి లేదు. పైగా ఏడిపించేవారు ఉందురు. ఇతనికి ఏది హాస్యమో ఏది హింసయో తెలియదు.

కావలసిన ఏర్పాట్లు ఎంతటివి? పెద్ద భవనాలు అక్కరలేదు. ప్రతి వారము పది నిమిషాలు మాట్లాడే ఒక లెక్చరరు, పేరు చెప్పి నియమించవలెను. మార్పు ఏదైన ఉంటే ముందుగా వ్రాసి తెలుపవలెను. నోటితో చెప్పిన పనిని కాగితముమీద కూడ ఈయవలెను. గోడ ప్రక్కనో తలుపు ప్రక్కనో ఒకే స్థలము. ఊపిరాడనప్పుడు అడుగకుండ లేచి వెళ్ళుటకు అనుమతి. గ్రంథాలయములో ఒక నిశ్శబ్దపు మూల. వైవాకు బదులు వ్రాతగా గాని, ఒక్క అధికారి ఎదుట గాని పరీక్ష. పరీక్షకు ముందురోజు హాలును, బల్లను చూపించుట. జట్టులో ఎవరి పని ఏదో వ్రాసి పంచుట. తోటి విద్యార్థులలో ఇద్దరు ముగ్గురికి, ఆ పిల్లవాని సమ్మతితో, విషయము చెప్పి ఉంచుట. వీటన్నిటికి కలిపి అయ్యే ఖర్చు ఒక కళాశాల వార్షికోత్సవపు పూలదండల ఖర్చుకు మించదు. లాభము ఇతనికే కాదు. బిడియస్థునికి, పల్లెనుండి వచ్చిన మొదటి తరము విద్యార్థికి, ఇంగ్లీషు అంతంత మాత్రమైనవానికి, అందరికీ.

కాని ఇవి ఏవియు అడుగనిదే రావు. ఇదియే అసలు సంగతి. అడుగవలెనంటే చెప్పవలెను. చెప్పుటకు మనము జంకుదుము. అక్క పెండ్లి ఆగిపోవునేమో, ఊరిలో మాట పొక్కునేమో, సీటే ఈయరేమో అని భయము. ఆ భయము అర్థము లేనిది అనను. లోకము అట్లే యున్నది. కాని దాచినందువలన బిడ్డ ఒక్క గంట అదనపు సమయమును పోగొట్టుకొనుటతో ఆగదు. తనలో ఏదో సిగ్గుపడవలసినది ఉన్నదని నేర్చుకొనును. కనుక పన్నెండవ తరగతికి ముందే ధ్రువపత్రమును, వైకల్య గుర్తింపు కార్డును సంపాదించుకొని ఉంచుకొనుట మేలు. ఇప్పటి నిబంధనలు ఏవో కళాశాల కార్యాలయములో అడిగి వ్రాతపూర్వకముగా కోరుట మేలు. మరియొక మాట. పదునెనిమిదేండ్లు నిండిన బిడ్డ పెద్దవాడు. ఎవరికి, ఎంతవరకు చెప్పవలెనన్నది అతనిని అడిగి నిర్ణయించవలెను. దాచుటకూ, దండోరా వేయుటకూ నడుమ దారి ఒకటి కలదు. దానిని ఎన్నుకొను హక్కు ఆ విద్యార్థిదే.

పరాయి రాష్ట్రములో ఉన్న మనకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. ఇంట తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో అరవము. బిడ్డకు మాట ఆలస్యమైతే, “ఇంట్లో తెలుగు మానివేయండి, ఒక్క ఇంగ్లీషే మాట్లాడండి” అని సలహా చెప్పేవారు ఉన్నారు. తల్లి తనకు సరిగా రాని భాషలో బిడ్డను లాలించుట మొదలుపెట్టును; అవ్వ మాటకు దూరమగును. రెండు భాషల ఇండ్లలో పెరిగే ఆటిజము గల పిల్లలమీద పలుదేశాలలో జరిగిన పరిశోధనలలో, రెండవ భాష వలన మాట మరింత ఆలస్యమగునని తేలలేదు. తాత చెప్పే కథ, అమ్మ పాడే జోల అతనికి కూడ హక్కే. పరీక్షలో రెండవ భాషకు మినహాయింపు కోరుట వేరు. ఇంటిలో తల్లిభాషను మినహాయించుట వేరు.

ఆటిజము గల ప్రతి బిడ్డయు కళాశాలకు పోవలెనని నా భావము కాదు. కొందరికి చేతిపని, కొందరికి సార్వత్రిక విద్యాలయము, కొందరికి ఇంటిలో నిశ్చింతగా బ్రతుకుటయే తగును. డిగ్రీ మనిషికి తూనికరాయి కాదు. కాని చదువగోరి, చదువగల శక్తి యుండి, కేవలము రొదకును మౌనమునకును నడుమ నలిగి మానుకొనే బిడ్డ ఒక్కడున్నను, ఆ నష్టము మనది.

మన సంఘము ఏమి చేయగలదు? పెద్దపనులు ఇతరులకు వదలి, చేతనైనవి చేయవచ్చును. పరీక్షలలో సహాయకులుగా వ్రాయుటకు, నిబంధనలకు లోబడి, మన యువతీయువకుల పేర్లు ఒక పట్టికలో ఉంచవచ్చును. కొత్తగా కళాశాలలో చేరిన అట్టి విద్యార్థికి అదే కళాశాలలోని సీనియరు ఒకరిని తోడుగా చూపవచ్చును. ధ్రువపత్రాల కొరకు తిరిగిన తల్లిదండ్రులు తమ వెనుకవచ్చేవారికి ఏ కిటికీ వద్ద ఏ కాగితము అడుగుదురో చెప్పవచ్చును. ఉగాది సభలో లౌడుస్పీకరుకు దూరముగా ఒక గది తలుపు తెరచి ఉంచి, “ఇక్కడ నిశ్శబ్దముగా కూర్చొనవచ్చును” అని ఒక అట్ట వ్రేలాడదీయవచ్చును. ఆ అట్టను చూచి, ఏండ్ల తరబడి పండుగకు రాని కుటుంబము ఒక్కటి వచ్చినను చాలును.

మన సంచికలలో ప్రతి యేడు పరీక్షలలో కృతార్థులైన పిల్లల పేర్లు వేయుట ఆచారము. ఆ పట్టికలో రాబోయే ఉగాదికి ఇట్టి బిడ్డ పేరు ఒకటి, ఎవరి నుండియు దాచకుండ, ఎవరును జాలిపడకుండ, అందరి పేర్ల నడుమ అక్షరక్రమములో ఉండవలెనని కోరుచున్నాను. చదువుకొన్నది ఆ బిడ్డ; తలుపు తీసిపట్టుకొనుట మాత్రము మన వంతు.